కలుగు ఎలుకల జాతి తేల్చే క్రోమోజోమ్ కిట్: ఏ సీసా కొనాలి, ఏది దండగ

మట్టి కింద బతికే ఎలుకలన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉంటాయి. పొట్టి తోక, చిన్న కళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కొరికే పళ్లు, గొట్టం లాంటి ఒళ్లు. బొచ్చు రంగును కూడా నమ్మడానికి లేదు. ఒకే జాతి నల్లనేలలో ముదురుగా, ఇసుకలో లేతగా కనిపించవచ్చు. రెండు వేరే జాతులు ఒకే నేలలో ఒకే రంగులో దొరకవచ్చు. కొలతలు, పుర్రె, పళ్లు అన్నీ చూశాక కూడా తేలని జంటలు చాలా ఉన్నాయి. అలాంటి చోట క్రోమోజోములు, అది బతికే నేల కలిసి జవాబు చెబుతాయి. ఈ సమీక్ష ఆ పనికి కొనే సరుకు గురించి. క్రోమోజోముల పరీక్షకు రెడీమేడ్‌గా అమ్మే సీసాల సెట్టు, దానితో పాటు విడిగా తెచ్చుకోవాల్సిన సామాను, పొలంలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నది చూద్దాం.

ముందే తేల్చి చెప్పేస్తాను. సెట్టులో క్రోమోజోములకు రంగు పట్టించే గీమ్సా సీసా కళ్లు మూసుకుని కొనవచ్చు. కణాలను ఉబ్బించే పొటాషియం క్లోరైడ్ సీసా దండగ. కణ విభజనను ఆపే కోల్సిమిడ్ మంచి మందే, కానీ బతికున్న ఎలుకకు ఎక్కించే పద్ధతిలో అది సరిపోదు. ఇక సెట్టులో లేనివి రెండున్నాయి: క్రోమోజోముల్లో బిగుతుగా చుట్టుకున్న భాగాలకే ముదురు రంగు పట్టించే సి-బ్యాండింగ్‌కు కావలసిన రసాయనాలు, నేలను కొలిచే సామాను. దగ్గరి జాతుల్ని విడదీసేది చాలాసార్లు ఆ రెండే. అందుకే ఈ సెట్టును నేను సగం కిట్ అనే అంటాను.

మొదట కోల్సిమిడ్ సంగతి. కణం విభజన మధ్యలో ఆగిపోతేనే క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి, ఆ ఆపే పని ఈ మందుది. రెడీమేడ్ సీసాలో ఇది మి.లీ.కి 10 మైక్రోగ్రాముల గాఢతలో వస్తుంది. ఆ గాఢత ల్యాబ్‌లో పెంచే కణాల కోసం పెట్టింది. 10 మి.లీ. పోషక ద్రావణానికి 0.1 మి.లీ. వేస్తే చాలు. పొలంలో మామూలుగా చేసేది ఎముక మూలుగ పద్ధతి, అందులో మందును ఎలుక పొట్టలోకే ఎక్కిస్తారు. దానికి వాడేది కోల్సిమిడ్ లాగే పనిచేసే కోల్చిసిన్. దాని ద్రావణం 0.05 శాతం, అంటే 100 మి.లీ. నీటిలో 50 మిల్లీగ్రాములు. మోతాదు గ్రాము బరువుకు 0.01 మి.లీ. 20 గ్రాముల చిట్టెలుకకు 0.2 మి.లీ., 150 గ్రాముల నేల ఎలుకకు 1.5 మి.లీ. ఇప్పుడు లెక్క చూడండి. చిట్టెలుకకు వెళ్లేది 100 మైక్రోగ్రాముల మందు. అంతే మందు రెడీమేడ్ సీసా నుంచి ఇవ్వాలంటే 10 మి.లీ. ఎక్కించాలి. 20 గ్రాముల జంతువు పొట్టలో అంత ద్రవం పట్టదు, పట్టించకూడదు. కాబట్టి పొడి కోల్చిసిన్ కొనుక్కుని కలుపుకోవడమే దారి. ముదురు రంగు సీసాలో, వెలుతురు తగలకుండా, చల్లగా ఉంచాలి. ఇది మనిషికి కూడా గట్టి విషం. తూచేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పొడి గాలికి లేస్తుంది కాబట్టి ఫ్యాను కింద తూచవద్దు.

ఈ మందు విషయంలో జరిగే అసలు పొరపాటు సమయం దగ్గర. ముప్పావు గంట నుంచి గంట చాలు. ఎక్కువ కణాలు దొరుకుతాయని రెండు మూడు గంటలు ఆగితే కణాలు దొరికే మాట నిజమే, కానీ క్రోమోజోములు కుంచించుకుపోయి పొట్టి దుడ్డు కర్రల్లా తయారవుతాయి. అప్పుడు వాటిని లెక్కపెట్టవచ్చు గానీ భుజాలు చూడలేం. క్రోమోజోము నడుములా సన్నగా ఉండే చోటు సెంట్రోమియర్, దానికి అటూ ఇటూ ఉన్నవే భుజాలు. అది ఒక కొసన ఉందా, మధ్యలో ఉందా, కొసకు కాస్త ఇవతల ఉందా అన్నది దగ్గరి జాతుల మధ్య అసలు తేడా. దాన్నే పోగొట్టుకుంటే ఎలుకను అనవసరంగా చంపినట్టే.

విభజన జరిగే కణాలు తక్కువగా ఉంటే మందు సమయం పెంచవద్దు, ఈస్టు వాడండి. 25 మి.లీ. గోరువెచ్చటి నీటిలో 2-3 గ్రాముల పొడి ఈస్టు, 5-6 గ్రాముల గ్లూకోజు కలిపి, నురగ వచ్చేదాకా ఉంచి, 25 గ్రాముల బరువుకు 0.5 మి.లీ. చొప్పున చర్మం కిందికి ఎక్కిస్తారు. మరునాటికి మూలుగలో కణాల విభజన బాగా పుంజుకుంటుంది. ముసలి ఎలుకల్లో, వేసవి ఎండలకు చిక్కిన వాటిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒక రోజు ఆలస్యమవుతుంది, అంతసేపూ ఎలుకను సరిగ్గా సాకాలి: తవ్వుకునేందుకు మట్టి, తినడానికి దుంపలు, నీడ.

పొటాషియం క్లోరైడ్ సీసా దండగ అన్నాను కదా. 0.075 మోలార్ అంటే లీటరు నీటిలో 5.59 గ్రాములు, 100 మి.లీ.కి 0.56 గ్రాములు. ముందే తూచిన పొట్లాలు కట్టుకుని పోతే క్యాంపులో శుద్ధమైన నీటిలో ఎప్పటికప్పుడు కలుపుకోవచ్చు. రెడీమేడ్ ద్రావణం మోయడం అంటే నీళ్లు మోయడమే. పైగా తెరిచిన సీసాలో కొన్నాళ్లకు బూజు పెరుగుతుంది. ఈ ద్రావణం కణంలోకి నీటిని లాగి దాన్ని ఉబ్బిస్తుంది, అప్పుడే లోపలి క్రోమోజోములు ఒకదానికొకటి ఎడం అవుతాయి. 37 డిగ్రీల వద్ద 20 నిమిషాలు. వాటర్ బాత్ లేకపోతే వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కులో 37 డిగ్రీల నీళ్లు పోసి గొట్టాలు దించితే అంతకంటే బాగా పనిచేస్తుంది. థర్మామీటరు మాత్రం మరవద్దు. పది నిమిషాలకే ఆపేస్తే క్రోమోజోములు గుట్టగా అతుక్కుని ఉంటాయి. అరగంట దాటితే కణాలు పగిలి క్రోమోజోములు చెల్లాచెదురవుతాయి, లెక్క తక్కువ వస్తుంది. 54 ఉండాల్సిన చోట 52, 51, 53 అని రకరకాలుగా వస్తుంటే అది కొత్త జాతి కాదు, ఉబ్బు ఎక్కువైన కణం.

మూలుగ తీసే పని ఎలుకను నొప్పి లేకుండా చంపిన వెంటనే మొదలవ్వాలి. తొడ ఎముక రెండు కొసలూ కత్తిరించి, సన్నటి సూది ఒక కొసన పెట్టి పొటాషియం క్లోరైడ్‌తోనే కడగాలి. ఎర్రగా ఉన్న ఎముక తెల్లబడిందంటే మూలుగ మొత్తం వచ్చినట్టు. చిట్టెలుక తొడ ఎముకలో వచ్చేది చిటికెడు కూడా ఉండదు, కాబట్టి రెండు తొడలూ, భుజం ఎముకలూ కలిపి తియ్యండి. వచ్చిన ముద్దను పిప్పెట్‌తో పైకీ కిందికీ లాగి విడగొట్టాలి. ఇక్కడ బద్ధకిస్తే తరువాత ఏం చేసినా ఉండలు ఉండలుగానే ఉంటుంది.

తరువాతిది ఫిక్సేటివ్, అంటే కణాలను ఉన్నవున్నట్టు నిలిపి ఉంచే ద్రవం. మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం. సెట్టులో ఇది రాదు, రాకపోవడమే మంచిది, ఎందుకంటే కలిపి నిల్వ ఉంచేది కాదిది. రెండూ కలిసిన క్షణం నుంచి మెల్లగా మిథైల్ ఎసిటేట్, నీరు పుడుతుంటాయి. ఉదయం కలిపింది సాయంత్రం వాడితే క్రోమోజోములు సరిగ్గా పరుచుకోవు, చుట్టూ మసక పొర మిగులుతుంది. ప్రతి విడతకూ అప్పటికప్పుడు, ఆ గంటకు సరిపడా కలపండి. మొదటి విడత పొయ్యడంలో కిటుకు ఉంది. సెంట్రిఫ్యూజ్‌కు ముందే పొటాషియం క్లోరైడ్‌లోకి నాలుగైదు చుక్కల ఫిక్సేటివ్ వేసి కలపాలి. తిప్పాక పైన తేరిన ద్రవం తీసేసి అర మి.లీ. మిగలనిచ్చి, గొట్టాన్ని వేలితో తడుతూ చుక్క చుక్కగా పొయ్యాలి. ఒక్కసారిగా పోస్తే మూలుగ ఉడికిన గుడ్డులా గడ్డకడుతుంది. ఆ గొట్టం పారబోసుకోవడమే. మూడు సార్లు మార్చాలి.

చేతితో తిప్పే సెంట్రిఫ్యూజ్‌ను చాలామంది చులకనగా చూస్తారు. అది ఈ పనికి సరిపోతుంది. మూలుగ కణాలకు గట్టి వేగం అవసరం లేదు, ఐదు నిమిషాలు నెమ్మదిగా సమంగా తిప్పితే చాలు. లోపం ఒక్కటే. ఆపేటప్పుడు హఠాత్తుగా పట్టుకుంటే అడుగున చేరిన మడ్డి లేచిపోతుంది. చెయ్యి వదిలేసి దానంతట అదే ఆగనివ్వాలి. బల్లకు బిగించే స్క్రూ గట్టిగా ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. జీపు వెనక తలుపుకు బిగించి తిప్పాల్సి వస్తే పలచటి రేకు క్లాంపు వంగిపోతుంది. రెండు ఎదురెదురు గొట్టాల్లో ద్రవం మట్టం సమానంగా లేకపోతే అదురు చేతికి తెలుస్తుంది, అప్పుడే సరిచెయ్యాలి.

స్లయిడ్ వెయ్యడం, అంటే కణాల చుక్కలను గాజు పలక మీద వెయ్యడం, చేతి నేర్పు అంటారు గానీ, చాలావరకు అది గాలిలో తేమను బట్టి ఉంటుంది. మరీ పొడి గాలిలో ఫిక్సేటివ్ త్వరగా ఆరిపోయి క్రోమోజోములు విడిపోవడానికి సమయం దొరకదు. అప్పుడు స్లయిడ్ మీద నోటితో ఒకసారి ఆవిరి ఊది, వెంటనే రెండు చుక్కలు వెయ్యండి. బాగా తేమ ఉన్న రోజున ఇందుకు విరుద్ధం, కణాలు పూర్తిగా పరుచుకుని ఒకదాని క్రోమోజోములు పక్కదానిలో కలుస్తాయి. స్లయిడ్‌ను గోరువెచ్చటి పళ్లెం మీద ఆరనిస్తే సర్దుకుంటుంది. మొదటి స్లయిడ్‌కు రంగు వేసి చూశాకే మిగతావి వెయ్యాలి. ఇరవై వేసేసి ఆనక చూస్తే సరిదిద్దడానికి ఏమీ మిగలదు.

గీమ్సా రెడీమేడ్ ఎందుకు కొనమన్నానంటే, పొడి నుంచి తయారు చెయ్యడం కష్టమైన పని. 1 గ్రాము పొడిని 66 మి.లీ. గ్లిసరిన్‌లో 60 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచి, చల్లారాక 66 మి.లీ. మిథనాల్ కలపాలి, తరువాత వడగట్టాలి. ఒక్కోసారి ఒక్కో తీరుగా వస్తుంది. సీసాలోది ఏడాది పొడుగునా ఒకేలా పడుతుంది. 50 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌లో 2.5 మి.లీ. గీమ్సా, పది నిమిషాలు. బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి, కుళాయి నీటితో కానిచ్చేస్తే రంగు నీలంగానో పాలిపోయినట్టో వస్తుంది. పలచబరిచిన గీమ్సా పైన లోహం మెరుపుతో ఒక పొర కడుతుంది. స్లయిడ్ పైకి తీసేటప్పుడు ఆ పొర అంటుకుని నల్లటి చుక్కలు పడతాయి. వాటిని చిన్న క్రోమోజోములుగా లెక్కపెట్టిన వాళ్లున్నారు. వడపోత కాగితం అంచుతో పొరను ముందే తీసేసి, ఆపైన స్లయిడ్ బయటికి తియ్యండి.

సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం

ఒక ఎలుకకు కనీసం 15 నుంచి 20 మంచి కణాలు లెక్కపెట్టాలి. అందులో ఎక్కువసార్లు వచ్చిన సంఖ్యను 2ఎన్ అని రాస్తాం. ఆ సంఖ్య బయటికి రాగానే సంబరపడకూడదు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో తవ్వుకుని బతికే ఎల్లోబియస్ టాల్పినస్, ఎల్లోబియస్ టాంక్రే చూడటానికి ఒకేలా ఉంటాయి. మొదటిదానికి 2ఎన్ 54. రెండోదానికి కూడా 54 ఉన్న జనాభాలు ఉన్నాయి. తేడా భుజాల్లో తెలుస్తుంది. సెంట్రోమియర్ కొసన ఉన్నదానికి ఒక భుజం, మిగతావాటికి రెండు అని లెక్కిస్తారు. టాల్పినస్‌లో భుజాల మొత్తం లెక్క 54, టాంక్రేలో 56. టాంక్రేలో సెంట్రోమియర్ కొసను వదిలి లోపలికి వచ్చిన ఒక పెద్ద జత ఉంటుంది, మిగతావన్నీ కొసన సెంట్రోమియర్ ఉన్న కర్రల్లాంటివి. ఆ ఒక్క జత కోసమే అంత జాగ్రత్తగా కోల్చిసిన్ సమయం చూసుకోవాలి. పామిర్-అలాయ్ కొండల దగ్గర ఇదే టాంక్రే మరో చిత్రం చూపిస్తుంది. క్రోమోజోములు రెండేసి కొసల దగ్గర అతుక్కోవడం వల్ల సంఖ్య 54 నుంచి 30 దాకా దిగుతుంది, భుజాల లెక్క మాత్రం 56 దగ్గరే ఉంటుంది. సంఖ్య ఒకటే అయినా జాతులు రెండు కావచ్చు, సంఖ్యలు ఎన్నో ఉన్నా జాతి ఒక్కటే కావచ్చు. ఈ ఒక్క ప్రజాతిలోనే రెండూ కనిపిస్తాయి.

భుజాలు చూసేటప్పుడు పొడుగు భుజాన్ని పొట్టి భుజంతో భాగించి చూడండి. 1964లో లెవాన్, ఫ్రెడ్గా, శాండ్‌బర్గ్ ఇచ్చిన హద్దులే నేటికీ వాడుతున్నారు: 1.7 దాకా మెటాసెంట్రిక్ (సెంట్రోమియర్ మధ్యలో), 3 దాకా సబ్‌మెటాసెంట్రిక్ (మధ్యకు కాస్త ఇవతల), 7 దాకా సబ్‌టెలోసెంట్రిక్ (కొసకు దగ్గరగా), ఆపైన కొసన ఉన్నట్టే. ఫోటో తీసి కంప్యూటర్‌లో కొలవాలి, కంటి అంచనా 3 దగ్గరా 7 దగ్గరా తప్పుతుంది. ఐదు కణాల సగటు తీసుకోండి.

మన పొలం గట్లలో కలుగులు చేసుకునే చిట్టెలుకల సంగతే చూడండి. మస్ బూడుగా, మస్ టెరికలర్ రెండింటికీ 2ఎన్ 40. గీమ్సా ఒక్కటే వేసి సంఖ్య రాసుకుంటే రెండూ ఒకటే. ఎక్స్ క్రోమోజోము దగ్గర ఆగి చూడాలి. బూడుగాలో అది కొసన సెంట్రోమియర్ ఉన్న మామూలు కర్ర. టెరికలర్‌లో పొట్టి భుజం కూడా ఉన్న పెద్ద సబ్‌మెటాసెంట్రిక్, ఆ పొట్టి భుజం మొత్తం హెటిరోక్రోమాటిన్, అంటే బిగుతుగా చుట్టుకున్న భాగం. దాని వై క్రోమోజోము కూడా పెద్దదే. పైగా టెరికలర్‌లోనే కొన్ని ఆటోసోములకు (లింగ క్రోమోజోములు కానివాటికి) హెటిరోక్రోమాటిన్ పొట్టి భుజాలు మొలిచిన క్రోమోజోము రకాలున్నాయి. ఈ తేడాను అనుమానం లేకుండా చూపించేది సి-బ్యాండింగ్. సెట్టులో దాని ఊసే లేదు, అందుకే సగం కిట్ అన్నాను.

సి-బ్యాండింగ్‌కు కావలసినవి విడిగా కొనడం కష్టమేమీ కాదు. సమ్నర్ 1972లో ఇచ్చిన పద్ధతి ఇది: 0.2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గది వేడి దగ్గర ఒక గంట, కడిగి 5 శాతం బేరియం హైడ్రాక్సైడ్‌లో 50 డిగ్రీల వద్ద కొద్ది నిమిషాలు, కడిగి ఉప్పు-సిట్రేట్ ద్రావణంలో 60 డిగ్రీల వద్ద ఒక గంట, ఆపైన గీమ్సా. ఉప్పు-సిట్రేట్ అంటే లీటరుకు 17.5 గ్రాముల సోడియం క్లోరైడ్, 8.8 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్. చిక్కంతా బేరియం దగ్గరే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తెల్లటి పొర కడుతుంది, అది స్లయిడ్‌కు అంటితే ఆ స్లయిడ్ పోయినట్టే. మూత ఉన్న గాజు జాడీ వాడండి, తీసిన వెంటనే పలచటి ఆమ్లంలో ఒకసారి ముంచి కడగండి. బేరియంలో ఐదు, ఎనిమిది, పన్నెండు నిమిషాల చొప్పున మూడు స్లయిడ్లు పెట్టి, ఏది బాగుంటే ఆ సమయమే మిగతా వాటికి వాడాలి. స్లయిడ్ పాతబడేకొద్దీ సమయం పెరుగుతుంది, కాబట్టి ఎప్పుడో ఎవరో రాసిన నిమిషాలను గుడ్డిగా నమ్మవద్దు. బేరియం ఎక్కువసేపు తగిలితే క్రోమోజోములు గుల్లబారి నీడల్లా మిగులుతాయి.

సంఖ్య నిజంగానే సరిపోయే జంటలు కూడా ఉన్నాయి. వాటి దగ్గర ఈ సెట్టు అద్భుతంగా పనిచేస్తుంది. యూరప్ పొలాల్లోని మైక్రోటస్ ఆర్వాలిస్‌కు 46, దాని కవలలా ఉండే మైక్రోటస్ లెవిస్‌కు 54. ఆర్కిటిక్ ప్రాంతంలోని స్వాల్బార్డ్ దీవుల్లో, గ్రుమాంట్ గని ఊరి చుట్టుపక్కల కనిపించే ఎలుకలను చాలా కాలం ఆర్వాలిస్ అనుకున్నారు. 1990 నాటికి క్రోమోజోములు చూస్తే 54, అంటే లెవిస్. ఒక చిన్న హెచ్చరిక మాత్రం చెప్పాలి. ల్యాబ్‌లో ఈ రెండింటికీ పుట్టిన సంకరానికి 50 వస్తుంది. అదే నేలల్లో దొరికే మైక్రోటస్ అగ్రెస్టిస్‌ది కూడా 50. వీటిని విడదీయడం తేలిక, అగ్రెస్టిస్ లింగ క్రోమోజోములు మిగతావాటి పక్కన రాక్షసుల్లా కనిపిస్తాయి. అయినా 50 అని రాసి వదిలేసిన పట్టిక ఎవరికీ పనికిరాదు, ఫోటో తప్పకుండా జతచెయ్యాలి.

నేలను కొలిచే సామాను

సరుకులో అందరూ చిన్నచూపు చూసేది ఇదే. క్రోమోజోములకు అర్థం వచ్చేది చాలాసార్లు నేల పక్కన పెట్టి చూసినప్పుడే. ఇజ్రాయెల్‌లో కళ్లు చర్మం కింద పూడుకుపోయిన స్పాలాక్స్ ఎలుకలను 1969లో వార్‌మాన్, గోయిటైన్, నెవో పరీక్షించి నాలుగు క్రోమోజోము రకాలు చూపించారు: ఎగువ గలిలీ చల్లటి తేమ నేలల్లో 52, గోలాన్ ఎత్తుల్లో 54, దిగువ గలిలీ, కార్మెల్ వైపు 58, అక్కడి నుంచి దక్షిణాన ఎండిన నెగెవ్ దాకా 60. తేమ తగ్గేకొద్దీ సంఖ్య పెరిగింది. ఆ నాలుగింటికీ 2001లో విడి విడి జాతి పేర్లు పెట్టారు. చూడటానికి తేడా తెలియని ఈ నాలుగూ నేలా వానా మ్యాపు మీద పెడితే చక్కగా విడిపోతాయి. హద్దుల దగ్గర 58కీ 60కీ పుట్టిన ఎలుకలో 59, 52కీ 58కీ పుట్టినదానిలో 55. బేసి సంఖ్య వస్తే లెక్క తప్పిందని కొట్టెయ్యకుండా, ఆ కలుగు ఏ హద్దు మీద ఉందో చూడాలి.

బ్రెజిల్ దక్షిణ తీరంలో టెనోమిస్ ఫ్లామరియోని, టెనోమిస్ మైన్యూటస్ అనే రెండు టుకో-టుకోలు (అక్కడి కలుగు ఎలుకలు) ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న మొదటి వరుస ఇసుక దిబ్బల్లో ఫ్లామరియోని, 2ఎన్ 48. లోపలి ఇసుక మైదానాల్లో మైన్యూటస్, దానికి చోటును బట్టి 42 నుంచి 50. మైన్యూటస్‌లో కూడా 48 రావచ్చు కాబట్టి సంఖ్య ఒక్కటే రాస్తే గందరగోళం. దిబ్బ మొదటి వరుసా, లోపలి మైదానమా అని రాసి ఉంటే ముందుగానే సగం తేలుతుంది. అన్ని చోట్లా ఇలా జరగదు. అమెరికాలోని టెక్సాస్‌లో బ్రాజోస్ నదికి అటూ ఇటూ ఉండే జియోమిస్ ఆట్‌వాటెరి, జియోమిస్ బ్రెవిసెప్స్ అనే గోఫర్ ఎలుకలు రెండూ మెత్తటి ఇసుక నేలలే కోరుకుంటాయి. అక్కడ నేల విడదీయలేదు. 70, 74 అన్న సంఖ్యలే విడదీస్తాయి. నేలను నమ్మాలా, క్రోమోజోమును నమ్మాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: రెండూ రాసుకుని ఉంటేనే ఏది ఎక్కడ పనికొచ్చిందో తెలుస్తుంది.

కొనాల్సింది పెద్దగా లేదు. మట్టి తవ్వే ఆగర్, నేల గట్టిదనం చూపే జేబు పెనెట్రోమీటరు, వేడినీ తేమనీ రాసుకునే రెండు చిన్న లాగర్లు, జీపీఎస్, కాలిపర్. పెనెట్రోమీటరు కొనేటప్పుడు స్ప్రింగు మీద కొలత ఎంత దాకా ఉందో చూడండి. ఎండిన బంకమట్టిలో చాలా పెనెట్రోమీటర్లు పై హద్దు దాటిపోయి ఒకే అంకె చూపిస్తాయి. ఇసుకలో చిన్న మొన దూసుకుపోతుంది కాబట్టి వెడల్పు అడుగు బిళ్ల కూడా వచ్చేది కొనాలి. వాన పడ్డ మరునాడు, పదిరోజుల ఎండ తరువాత ఒకే చోట పూర్తిగా వేరే అంకెలు వస్తాయి. అందుకే మట్టి తేమ కూడా పక్కన రాయకపోతే ఆ అంకె వ్యర్థం.

మట్టి తీరు చూడటానికి పరికరం అక్కర్లేదు. గుప్పెడు మట్టి తడిపి ఉండ చేసి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. ఉండే కట్టకపోతే ఇసుక. పట్టీ 2.5 సెంటీమీటర్ల లోపే తెగితే గరప. 5 సెంటీమీటర్ల దాకా వస్తే బంక కలిసిన గరప. ఇంకా సాగితే బంకమట్టి. మట్టి ఎక్కడిది తియ్యాలన్నది ముఖ్యం. పైమట్టి కాదు, సొరంగం అడుగు మట్టి. ఎలుక బతికేది అక్కడ. కలుగు దగ్గర ఒకటి, మీటరు దూరంలో ఒకటి, కలుగులే లేని పక్క నేలలో ఒకటి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. ఎలుక లేని చోట కొలవకుండా, ఎలుక ఉన్న చోట ఇసుక ఎక్కువ అని రాస్తే ఏం లాభం? ఆ ఊరంతా ఇసుకే కావచ్చు కదా. సొరంగం లోపలి వెడల్పు కాలిపర్‌తో, లోతు టేపుతో, మట్టికుప్ప ఆకారం ఫోటోతో. గోఫర్ కుప్ప ఒక పక్కకు విసనకర్రలా పరుచుకుని, రంధ్రం మట్టి బిరడాతో మూసి ఉంటుంది. ఇవన్నీ ఎలుకను పట్టకముందే రాయాలి, పట్టేటప్పుడు అదంతా చిందరవందర అవుతుంది.

పట్టడం గురించి ఒక మాట. చిట్టెలుకలకు మడిచే అల్యూమినియం షెర్మన్ ట్రాప్ చక్కగా సరిపోతుంది. ఎండలో పెట్టవద్దు, రేకు పెట్టె పొయ్యిలా వేడెక్కి ఎలుక చనిపోతుంది, చనిపోయినదానిలో కోల్చిసిన్ పారదు. సొరంగంలోనే ఉండిపోయే నేల ఎలుకలకు ఆ పెట్టె పనికిరాదు, మట్టి నెట్టుకొచ్చి నింపేస్తాయి. సొరంగం ఒక చోట తెరిచి కదలకుండా ఆగితే, గాలీ వెలుతురూ పడిన చోటును మూయడానికి అదే వస్తుంది. అప్పుడు వెనక దారిని పారతో మూసి పట్టుకోవచ్చు. అటవీ శాఖ అనుమతి, జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి లేకుండా ఇదేదీ మొదలుపెట్టకూడదు. పుర్రె, తోలు మ్యూజియంలో నంబరుతో చేరాలి. అరుదైన జాతి అని అనుమానం ఉంటే చంపవద్దు. చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసుకుని ల్యాబ్‌లో కణాలు పెంచి చూడవచ్చు. రెడీమేడ్ కోల్సిమిడ్ సీసా నిజంగా సరిపోయేది అక్కడే.

డీఎన్ఏ ల్యాబ్‌కు పంపితే పోలేదా?

పంపవచ్చు, పంపాలి కూడా. ఆల్కహాల్‌లో వేసిన చెవి ముక్క చాలు, ఎలుక చావనక్కర్లేదు. సైటోక్రోమ్ బి అనే జన్యువు వరుస చదివి జాతి చెప్పే సేవలు బాగా పనిచేస్తాయి. అవి చూసేది తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ. హద్దుల దగ్గర సంకరం జరిగితే తండ్రి జాతి అందులో కనిపించదు. 59 క్రోమోజోములు ఉన్న ఎలుక మైక్రోస్కోపు కింద ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఆ వరుసలో మాత్రం తల్లి ఏ జాతో అదే అచ్చంగా వస్తుంది. సర్వేలో వందల జంతువులు ఉంటే డీఎన్ఏ, హద్దు మీద పది జంతువులు ఉంటే క్రోమోజోము. నేనైతే ప్రతి చోటా కొన్నిటికైనా రెండూ చేయిస్తాను.

ఈ రెడీమేడ్ సెట్టు కొనాల్సింది ల్యాబ్‌లో కణాలు పెంచేవాళ్లు. పొలానికి వెళ్లేవాళ్లు గీమ్సా ఒక్కటే తీసుకుని, పొడి కోల్చిసిన్, పొటాషియం క్లోరైడ్ పొట్లాలు, బేరియం జాడీ, ఆగర్, లాగర్లు సొంతంగా సర్దుకోండి. మైక్రోస్కోపులో 100 రెట్ల ఆయిల్ లెన్సు లేకపోతే భుజాలు చూడలేరు, దాని దగ్గర బేరం చూడకండి. ఫిక్సేటివ్‌లో మిగిలిన మూలుగ కణాలను బిగుతు మూత సీసాలో మైనస్ 20 డిగ్రీల దగ్గర పెడితే ఏళ్ల తరబడి కొత్త స్లయిడ్లు వేసుకోవచ్చు. సీసా మీద పెన్నుతో రాసిన అక్షరాలు మిథనాల్ తగలగానే చెరిగిపోతాయి. మందపాటి కాగితం ముక్క మీద పెన్సిల్‌తో ఎలుక నంబరు, కలుగు నంబరు రెండూ రాసి, మడిచి సీసా లోపల వెయ్యండి.